అది పత్తి పురుగు కాదు

మా అమ్మ కుడికన్ను సంగతి ఎవరైనా ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఊళ్లో అందరూ అనే మాట ఒకటే: "పురుగు పడి పోయింది పాపం." ఏ పురుగు, ఏ చెట్టు మీది పురుగు, అది కంట్లో ఎలా పడింది, పడితే మాత్రం చూపెందుకు పోవాలి, ఒక్కరూ అడగరు. ఆ పురుగును పట్టి, సీసాలో పెట్టి, మేపి, అది ఏం తింటుందో ఏం తినదో దగ్గర కూర్చుని చూసినదాన్ని నేను. నన్ను అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగరు. అడగకపోయినా చెబుతాను.

మాది కారేపల్లి దాటి లోపలికి పోతే అడవి మొదలయ్యేచోట ఒక ఊరు. మా చేను చివరి గట్టు మీద నిలబడితే అవతల టేకు చెట్లే. నా చిన్నప్పుడు ఆ చేలో జొన్నలు, పెసలు, గట్టు వెంట కందులు పండేవి. ఎనభైలు సగం దాటాక ఊరంతా పత్తిలోకి దిగింది. మా నాయినా దిగాడు. వ్యవసాయం అప్పటికే అన్న చేతిలోకి వచ్చింది. అన్న కష్టజీవి, అందులో సందేహం లేదు. పొద్దున్నే వీపుకు పంపు తగిలించుకుని చేలోకి పోతే మధ్యాహ్నానికి ఒంటి నిండా మందు వాసనతో వచ్చేవాడు. ఆ చొక్కాలు అమ్మ విడిగా ఉతికేది. ఉతికినా వాసన పోయేది కాదు. పత్తి కాలమంతా మా ఊరికి అదొక్కటే వాసన.

పురుగును గుర్తుపట్టడానికి మా వైపు ఒక పద్ధతి ఉండేది. చేలో కొత్త పురుగు కనిపిస్తే దాన్ని అగ్గిపెట్టెలో వేసుకుని, బస్సెక్కి, ఖమ్మంలో పురుగుమందుల షాపుకు తీసుకుపోయేవారు. షాపాయన అగ్గిపెట్టె తెరిచి చూసి, మూసి, వెనక అరలోంచి ఒక సీసా తీసి బల్లమీద పెట్టేవాడు. అంతే, వైద్యం అయిపోయింది. అగ్గిపెట్టెలో పురుగు ఉండేది గానీ ఆకు ఉండేది కాదు. ఆకేదని ఆయనా అడిగేవాడు కాదు, ఆకు కూడా పట్టుకుపోవాలని వీళ్లకూ తోచేది కాదు. పురుగు దేన్ని తిని బతుకుతుందో తెలుసుకోకుండా దాని పేరు చెప్పడమంటే ఇంటిపేరు అడక్కుండా పెళ్లి ఖాయం చేయడమే. పెళ్లి విషయంలో మాత్రం ఏడు తరాలు తవ్వి చూసే మనుషులు వీళ్లు.

మా ఇంటి ముందు బావి గోడ పక్కన ఒక నందివర్ధనం చెట్టు ఉండేది. ముద్ద నందివర్ధనం, ఆకు తుంచితే పాలు కారేది. అది అమ్మ చెట్టు. కాపురానికి వచ్చినప్పుడు కొమ్మ తెచ్చి నాటుకుందట. ఆ చెట్టుతో అమ్మకు రోజూ పని ఉండేది. కట్టెల పొయ్యి పొగ, పత్తి ఏరేటప్పుడు కంట్లో పడే నూగు, ఎర్రటి ఎండ, అన్నీ కలిసి ఆమె కళ్లు ఎప్పుడూ మండుతుండేవి. అందుకని తెల్లవారుజామున లేవగానే మంచు తడి ఆరకముందే నాలుగు పూలు కోసి, అరుగు మీద చాప పరుచుకుని వెల్లకిలా పడుకుని, మూసిన రెప్పల మీద ఆ పూలు పెట్టుకునేది. చల్లదనం అంతా ఆ మంచు తడిలోనే ఉందని ఆమె నమ్మకం. కాసేపు అలా పడుకునేది. ఆ కాసేపు ఇంట్లో ఎవరం పిలిచేవాళ్లం కాదు. పొద్దున లేస్తే రాత్రి అందరూ పడుకునేదాకా ఆమెకు ఒళ్లు వాల్చే వీలు దొరికేది అప్పుడే.

నేను ఖమ్మంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. ఒకవైపు చెట్ల పాఠాలు, ఒకవైపు జంతువుల పాఠాలు. దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. ఆ దసరా వెళ్లగానే అన్నకు సత్తుపల్లి వైపు సంబంధం వాళ్లు చూడటానికి వస్తామన్నారు. ఇంట్లో సున్నాలు, అలుకులు, హడావుడి. ఒక పొద్దున అమ్మ వాకిలి ఊడుస్తూ ఆగిపోయింది.

"బిడ్డా, గిటు రా. చెట్టు కింద గియ్యేంది? ఎలుకలు గిట్ల చెట్టెక్కుతున్నయా ఏంది?"

ఊడ్చి చల్లిన వాకిట్లో నందివర్ధనం కింద మిరియాలంత నల్లటి ఉండలు పడి ఉన్నాయి. చేతిలోకి తీసుకుని నలిపితే లోపల పచ్చి ఆకు పొడి. ఎలుకవి కావు. తల ఎత్తి చూస్తే ఒక కొమ్మ చివర ఆకులు ఈనెల దాకా కొరికేసి ఉన్నాయి. ఆ కొమ్మ వెంట కళ్లు పోనిచ్చి ఎంతసేపు వెతికినా ఏమీ కనిపించలేదు. ఆకు రంగూ దాని రంగూ ఒకటే. చివరికి ఒక ఆకు కొంచెం కొంచెంగా చిన్నదవుతుంటే, దాని వెనక ఉన్నది ఆకు కాదని తెలిసింది.

బొటనవేలంత లావు, చూపుడు వేలికన్నా పొడుగు. లేత ఆకుపచ్చ రంగు. పక్కల పొడుగునా తెల్లటి గీత, గీత చుట్టూ జల్లినట్టు తెల్ల చుక్కలు. తోక దగ్గర పసుపుపచ్చటి చిన్న కొమ్ము. పుల్లతో తాకితే తల లోపలికి ముడుచుకుంది. ముడుచుకోగానే మెడ మీద నల్ల అంచుతో నీలం రంగు కళ్లు రెండు పెద్దవై కనిపించాయి. కళ్లు కాదు, కళ్లలాంటి మచ్చలు. పిట్టలను బెదిరించడానికి. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. మూడేళ్లుగా పుస్తకాల్లో బొమ్మలు గీసి రంగులు వేసిన నాకు, మా ఇంటి వాకిట్లోనే ఇలాంటిది దొరికింది. చెట్టు మీద ఇంకా నాలుగైదు ఉన్నాయి. రెండింటిని కొమ్మతో సహా తెచ్చి హార్లిక్స్ సీసాలో పెట్టి, మూతకు బదులు గుడ్డ కట్టాను.

ఆ సంతోషం అన్న చేను నుంచి వచ్చేదాకే. సీసా చూసి కొయ్యలా నిలబడ్డాడు.

"నాయినా! జల్దీ రా. గిది జూడు, పచ్చ పురుగు. ఎంత బలిసిందో జూడు!"

పచ్చ పురుగంటే పత్తి కాయలు తొలిచే పురుగు. ఆ రెండు మూడేళ్లుగా ఊరు ఊరంతా దానితోనే యుద్ధం. ఏ మందు కొట్టినా చావడం మానేసింది. మొదట ఒక మందు, తర్వాత రెండు కలిపి, తర్వాత మూడు కలిపి. అది మాత్రం కాయలో తల దూర్చి తాపీగా తినేది. దాన్ని తలచుకుంటే వీళ్లకు నిద్రపట్టేది కాదు. కాబట్టి ఏది పచ్చగా ఉండి పాకినా అది పచ్చ పురుగే. సాయంత్రానికి మా అరుగు మీద ఊరి రైతులంతా చేరారు. సీసా చేతులు మారింది.

"మనం కొట్టిన మందులన్నీ తాగి తాగి గిట్ల బలిసింది," అన్నాడు పక్క చేను రైతు. తల ఊపుతూ, ఎంతో ఆలోచించినవాడిలా.

"అవ్, ఇగో, కండ్లు గూడ మొలిసినయ్," అన్నాడు ఇంకొకాయన.

"కండ్లు గావు మామా, మచ్చలు," అన్నాను.

"మచ్చలైతే మనల్నెందుకు జూస్తున్నయ్?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వేదాన్నే, వాళ్లు ఆ మాట సరదాకు అని ఉంటే. కానీ వాళ్లు నిజంగానే నమ్ముతున్నారు. పత్తి పురుగు మందులు తాగి పెరిగి పెరిగి ఇంతైందట. పగలు ఇళ్ల ముందు చెట్లలో దాక్కుని, పొద్దుగూకాక చేలలోకి దిగుతుందట. ఒక్క పూట కూర్చుని ఇంత కథ అల్లారు. చెట్టు కింద మిరియాలంత ఉండలు పడి ఉన్నాయి, కొరికిన ఆకులు ఉన్నాయి, అవి చూడటానికి పది అడుగులు వేసి ఆ చెట్టు దాకా పోయినవాడు లేడు.

మరునాడు నేను ఒక పని చేశాను. ఒక పురుగును వేరే సీసాలోకి మార్చి, అందులో లేత పత్తి ఆకు, పత్తి పూత, పగలని పత్తి కాయ వేశాను. రోజంతా అది ఆ ఆకు మీద నుంచి ఈ ఆకు మీదికి పాకడమే తప్ప ఒక్క చోట నోరు పెట్టలేదు. మిరప ఆకు వేస్తే అంతే. పాలు కారే ఆకు కదా దీనికి కావలసింది అనుకుని జిల్లేడు ఆకు వేశాను. ముట్టుకోలేదు. అప్పుడు గన్నేరు ఆకు వేశాను. తల అటూ ఇటూ తిప్పి, కాస్త ఆలోచించి, అంచు నుంచి తినడం మొదలుపెట్టింది. గన్నేరూ నందివర్ధనమూ ఒకే కుటుంబం అని మాకు కాలేజీలో చెప్పారు. ఆ పాఠం పురుగు నాకన్నా బాగా చదివింది. చివరికి నందివర్ధనం ఆకు వేయగానే గన్నేరును వదిలేసి దాని మీదికి ఎక్కి, ఆకలిగొన్న మనిషిలా తినేసింది. దాని పేరేమిటో నాకు అప్పటికి తెలియదు. కానీ అది ఏ చెట్టుదో తెలిసింది. పేరు కన్నా అదే ముఖ్యం.

నాయినను కూర్చోబెట్టి అన్నీ చూపించాను. నాయిన చెడ్డవాడు కాదు. ఎవరు చివర మాట్లాడితే వాళ్ల మాట వింటాడు, అదే ఆయనతో చిక్కు.

"అవునే, పత్తాకు ముట్టలే," అన్నాడు సీసా తిప్పి చూస్తూ.

అన్న అక్కడే ఉన్నాడు. "సీసల బంధిస్తె ఏదైన తింటదా నాయినా? నిన్ను కొట్టంల బెట్టి తలుపేస్తె నువ్వు తింటవా?"

"మరి నందివర్ధనం ఎట్ల తిన్నదిరా? గది గూడ గదే సీస గద," అన్నాను.

"నీతోని నాకెందుకే. షాపాయన జెప్తడు."

షాపాయన! ఆ మాటతో వాదన ముగిసినట్టే. నేనూ వస్తానని పట్టుబట్టాను. అన్న పురుగును అగ్గిపెట్టెలో పెట్టబోతే పట్టలేదు. ఖాళీ సిగరెట్ పెట్టెలో దోపాడు. నేను అందులోకి ఒక నందివర్ధనం రెమ్మ కూడా తోస్తే, పెట్టె మూయడం రావడం లేదని తీసి పారేశాడు. నేను ఇంకో రెమ్మ తుంచి కొంగులో చుట్టుకున్నాను. బస్సులో అంత దూరం దాన్ని పట్టుకునే కూర్చున్నాను.

షాపు నిండా మా అన్నలాంటివాళ్లే. అందరి చేతుల్లో అగ్గిపెట్టెలు. షాపాయన కుర్చీలోంచి లేవలేదు. సిగరెట్ పెట్టె మూత తెరిచి పెన్నుతో పురుగును పొడిచాడు. దారి పొడుగునా ముడుచుకుని నలిగిన పురుగు కాస్త కదిలింది.

"పచ్చ పురుగేనండి," అన్నాడు. "బాగా ముదిరింది. ఇలాంటివి ఇప్పుడు అన్ని ఊళ్లలో వస్తున్నాయి. పాత మందులకు లొంగవివి."

నేను కొంగులోంచి రెమ్మ తీసి బల్ల మీద పెట్టాను. "ఇది గీ చెట్టు మీద దొరికింది సార్. నందివర్ధనం. పత్తి ఆకేస్తే ముట్టలేదు. మీరు ఏ చెట్టు మీద దొరికిందని అడగనే లేదు."

ఆయన నన్ను చూసి చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. "అమ్మాయి చదువుకుంటోందా? చాలా మంచిది," అన్నాడు అన్నతో. నాతో కాదు. రెమ్మను మోచేత్తో పక్కకు జరిపి అక్కడ ఒక సీసా పెట్టాడు. "చేనుకు కొట్టండి. ఇంటి చుట్టుపక్కల ఏ చెట్టు మీద కనిపించినా దానికీ కొట్టండి. లేకపోతే అక్కడ పిల్లలు పెట్టి మళ్లీ చేలోకి దిగుతాయి."

పురుగు ఎక్కడైనా పిల్లల్ని పెడుతుందా? రెక్కలొచ్చాక కదా గుడ్లు పెట్టేది! ఈ మాట పదో తరగతి పిల్లవాడికి తెలుసు. ఆ మనిషికి తెలియక అన్నాడా, తెలిసే అన్నాడా అని నేను చాలా రోజులు ఆలోచించాను. ఏదైనా ఒకటే. సిగరెట్ పెట్టెను పురుగుతో సహా బయట కాలవలోకి విసిరేసి ఇంకొకరి అగ్గిపెట్టె తెరిచాడు.

బస్సులో అన్నతో పోట్లాడాను. "చేనుకు ఏమన్న కొట్టుకో. చెట్టుకు మాత్రం కొట్టకు. అమ్మ గా పూలు కండ్ల మీద పెట్టుకుంటది."

"పెట్టుకోకుంటె అయిపాయె. రెండు దినాలు పెట్టుకోకుంటె ఏం గాదు."

"అయితే గా మాట అమ్మతోని చెప్పి కొట్టు."

అన్న కిటికీ వైపు తిరిగాడు. ఇంటికి వచ్చాక నాయిన దగ్గర మళ్లీ అదే గొడవ పెట్టాను. నాయిన అమ్మ ఉండగానే అన్నాడు, "చెట్టుకు కొట్టం పో. నీ నెత్తిమీద చెయ్యి పెట్టి చెప్తున్న. ఇగ ఊకో." నేను ఊరుకున్నాను. ఆ మాట మీద నమ్మకం పెట్టుకున్నాను.

సద్దుల బతుకమ్మ రోజు. మధ్యాహ్నం నందివర్ధనం పూలు కూడా కోసి తంగేడు, గునుగు మధ్య పేర్చాం. పొద్దు వాలుతుండగా ఊరి ఆడవాళ్లంతా బతుకమ్మలెత్తుకుని వాగు వైపు నడిచాం. ఇళ్ల దగ్గర మగవాళ్లు మిగిలారు. అన్న చేను నుంచి వచ్చాడు. ఆ రోజు చేనంతా కొట్టినా పంపులో కాస్త మందు మిగిలిపోయింది. మిగిలిన మందును మా వైపు ఎవరూ పారబోయరు. దేనికో దానికి కొడతారు. గట్టు మీది కందికి, పెరట్లో చిక్కుడుకు, ఏది ఎదురైతే దానికి. అన్న వాకిట్లోకి వచ్చి చుట్టూ చూసి, ఎదురుగా కనిపించిన నందివర్ధనానికి పై నుంచి కింద దాకా తడిసేలా కొట్టాడు. మేము పాటలు పాడుకుంటూ ఇంటికి వచ్చేసరికి పంపు కడిగి గోడకు ఆనించి ఉంది. వాకిట్లో మందు వాసన వచ్చింది. ఏ రోజు రాలేదని? ఊరంతా ఆ వాసనలోనే తిని, ఆ వాసనలోనే పడుకునేది. అది చెట్టు నుంచి వస్తోందని ఎవరనుకుంటారు?

పొద్దున్నే అమ్మ కేకకు లేచాను. చాప మీద కూర్చుని రెండు చేతులతో కళ్లు నులుముకుంటోంది.

"బిడ్డా, కండ్లు మండుతున్నయే. నిప్పులు పోసినట్టున్నయే."

ముందు మిరపకాయ చెయ్యి తగిలిందేమో అనుకున్నాను. బిందెతో నీళ్లు తెచ్చి ముఖం మీద పోస్తుంటే నా కాలి కింద ఏదో మెత్తగా తగిలింది. ఆమె రెప్పల మీద నుంచి జారిన పూలు. ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అన్న చొక్కా వాసన.

నాకు ఆ క్షణంలో ఏం పట్టిందో తెలియదు. ఒక చేత్తో నీళ్లు పోస్తూ ఇంకో చేత్తో ఆ పువ్వు పట్టుకుని అన్నను పిలిచి అరిచాను. ఊరు లేచేలా అరిచాను. అన్న పరుగున వచ్చాడు. అమ్మను చూశాడు, నా చేతిలో పువ్వును చూశాడు.

"తెల్లారేసరికి ఆరిపోతదనుకున్ననే," అన్నాడు.

ఆరిపోతుందట. మంచు పడితే మందు కరిగి మళ్లీ తడవదా? అమ్మకు కావలసింది ఆ తడే కదా? చెప్పకూడదా? ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట! తర్వాత నాకు తెలిసింది, ఆ సాయంత్రమే చేను గట్టు మీద కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టి వచ్చాడని. మందు కొట్టిన చేనుకు అలా గుర్తు కడతారు, మంది గొడ్లు తెలియక మేసి చావకుండా. ఊళ్లో బర్రెల కోసం అంత జాగ్రత్త పడ్డ మనిషికి ఇంట్లో తల్లికి చెప్పాలని తోచలేదు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కోపం కొత్తగా వస్తుంది.

బస్సు వచ్చేదాకా నీళ్లు పోస్తూనే ఉన్నాను. అమ్మకు దారిలో వాంతులయ్యాయి. నులిమి నులిమి కుడికన్ను ఉబ్బి మూసుకుపోయింది. ఖమ్మంలో పెద్ద దవాఖానాలో కళ్ల డాక్టరు రెప్ప ఎత్తి చూసి అడిగాడు, "ఏం పడిందమ్మా కంట్లో?"

నేను నోరు తెరిచేలోగా అమ్మ అంది, "పురుగు, సారూ. చెట్టు మీది పురుగు."

నాయిన నేల చూపులు చూస్తున్నాడు. అన్న గోడకు ఆనుకుని ఉన్నాడు. డాక్టరు రాసుకోబోయాడు.

"పురుగు కాదు సార్," అన్నాను. "మందు. పత్తికి కొట్టే మందు. పూలకు కొడితే తెలియక ఆ పూలు కళ్ల మీద పెట్టుకుంది."

అమ్మ చీకట్లో తడుముకున్నట్టు నా చెయ్యి వెతికి పట్టుకుని గట్టిగా గిచ్చింది. ఊరుకోమని. నేను ఊరుకోలేదు. డాక్టరు కలం కింద పెట్టాడు.

"ఏం మందు? సీసా తెచ్చారా?"

అన్న గోడ వైపు చూస్తూ మందు పేరు చెప్పాడు. డాక్టరు లేచి నర్సును కేకేశాడు. "ముందే చెప్పాలి కదయ్యా! పురుగు వెంట్రుకైతే ఒక వైద్యం, ఇదైతే ఇంకో వైద్యం," అని అందరినీ కలిపి తిట్టాడు. ఆ తిట్లు నాకు చల్లగా తగిలాయి. నా మాట విన్న మొదటి మనిషి ఆయనే.

ఎడమకన్ను నిలిచింది. కుడికన్ను మీద తెల్లటి పొర మిగిలిపోయింది. ఎదుట మనిషి నిలబడితే నీడలా తెలిసేది, ముఖం తెలిసేది కాదు. బియ్యంలో రాళ్లు ఏరడం మానేసింది. పొయ్యి ముందు కూర్చున్నప్పుడు కుడి పక్క గిన్నెకు చెయ్యి తగిలి ఎన్నిసార్లు కాలిందో.

మేము దవాఖానాలో ఉండగానే హార్లిక్స్ సీసాలో మిగిలిన పురుగు పచ్చ రంగు పోయి గోధుమ రంగుకు తిరిగి, అడుగున నేను వేసిన ఎండుటాకుల్లో చుట్టుకుని పడుకుందట. ఇంటికి వచ్చాక ఒక ఉదయం చూస్తే గుడ్డ కింద రెక్కలు విప్పుకుంటోంది. అరచేతి వెడల్పు. ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ, గులాబీ చారలు, రాతి మీద రంగులు పారినట్టు. అన్న చాలాసేపు చూశాడు. పత్తి పురుగుకు రెక్కలొస్తే ఎలా ఉంటుందో అతనికి తెలియకపోవడమేమిటి? చేలో లాంతరు పెట్టినప్పుడల్లా చుట్టూ ముసురుకునే మట్టిరంగు బుల్లి పురుగులు అవే.

"గిది గది గాదు," అన్నాడు మెల్లగా.

"నేను చెప్పింది గదే గదరా," అన్నాను. అన్న అక్కణ్నుంచి లేచిపోయాడు.

ఆ మాట ఇంటి గడప దాటితే బాగుండేది. దాటలేదు. ఊళ్లో అప్పటికే కథ తయారైంది. కళ్ల పురుగు పాకిన పూలు పెట్టుకుంటే మా అమ్మ కన్ను పోయిందని. ఆ పురుగు ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు, ఒక్క ముల్లు లేదు. చేతి మీద పాకించుకున్నదాన్ని నేను. ఎవరికి కావాలి? వారం తిరక్కుండా ఊళ్లో ఎన్ని నందివర్ధనం చెట్లున్నాయో అన్నీ నరికేశారు. మా చెట్టును నాయిన స్వయంగా నరికాడు. ఇక ఖమ్మం షాపాయన ఆ కథను కొత్త సీసాతో పాటు అందరికీ చెప్పేవాడట: "చెట్లకు కొట్టమంటే కొట్టలేదు, పాపం ఆ ఊళ్లో ఒకావిడ కన్ను పోగొట్టుకుంది." ఈ మాట విన్న రోజు నేను అన్నం తినలేదు.

నేను మాత్రం అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ అసలు సంగతి చెప్పేదాన్ని. ఒక మధ్యాహ్నం సత్తుపల్లి సంబంధం వాళ్లు వచ్చారు. పిల్ల మేనత్త అమ్మ కన్ను చూసి నొచ్చుకుని, "ఏమైందొదినా?" అంది. నేను మంచినీళ్ల చెంబు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. అమ్మ ఒంటికంటితో నా వైపు ఒక చూపు చూసి, "పురుగు పడ్డది ఒదినా, నా కర్మ," అంది. నవ్వుతూ అంది. వాళ్లు వెళ్లాక, సంబంధం ఖాయమయ్యాక, నేను చెంబును నేలకేసి కొట్టాను.

"ఎందుకమ్మా గట్ల చెప్తవ్? గా పురుగేం చేసింది నిన్ను? నీ కన్ను పోగొట్టిందెవరో నీకు తెల్వదా?"

అమ్మ ఒంగి, కుడి పక్కకు దొర్లిన చెంబు కోసం నేల మీద చేత్తో వెతుకుతోంది. చెంబు ఆమె చేతికి జానెడు దూరంలో ఉంది. ఆమెకు కనిపించడం లేదు.

"తెల్వకేం బిడ్డా," అంది. "నా కొడుకు పేరు జెప్తె వానికెవరు పిల్లనిస్తరు? గా పురుగుకైతే మనం సంబంధాలు జూస్తున్నమా?"

నేను చెంబు తీసి ఆమె చేతిలో పెట్టాను.